చోత్ మూలింగ్ ఊరి ముద్ర

యాన్, కెడా
1991 జనవరి 14

అక్కకి,

అస్సలాము అలైకుమ్. ఇక్కడ అందరం కులాసా. మునీరుకి మూడో ఏడు వచ్చింది. చెప్పులు వేసుకోవడం వచ్చినప్పటినుంచీ ఇంట్లో ఉండటం మానేశాడు. ఇద్రుస్ పనిచేసే బియ్యం కొట్టు యజమాని మన వైపు మనిషే. కొట్టు వెనక రెండు గదుల ఇల్లు మాకిచ్చాడు. ఇన్నాళ్ళూ ఒకే గదిలో మధ్యన దుప్పటి కట్టుకుని ఇంకో కుటుంబంతో బతికాం. ఇప్పుడు తలుపు వేసుకుంటే లోపల ఉన్నదంతా మనదే. మొదటిసారి ఆ తలుపు వేసినప్పుడు నాకు రైహానాయే గుర్తొచ్చింది.

అక్కా, పిల్లను పంపించు. ఆర్నెల్లలో పిలిపించుకుంటామని నీ దగ్గర వదిలి సముద్రం దాటి వచ్చాం. రెండేళ్ళ నాలుగు నెలలైంది. ఇక్కడి బడిలో అడిగాను, పదకొండేళ్ళ పిల్లకు చోటుందన్నారు. ఇద్రుస్ మేనత్త జుబైదా రంజాను ముందు మీ వైపు మేదాన్ నగరానికి వస్తోంది. తిరుగు పడవలో రైహానాని వెంటబెట్టుకుని వస్తుంది. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. ఊరి పెద్ద ఇలియాస్ గారిచేత ప్రయాణపు కాగితం రాయించి ముద్ర వేయించు. అది చేతిలో ఉంటే మేదాన్‌లో మిగతావన్నీ ఆవిడ చూసుకుంటుంది.

పోయినసారి రైహానా రాసిన ఉత్తరంలో "అమ్మ నాకు కొత్త పావడా కుట్టింది" అని ఉంది. రెండుసార్లు చదివితే గానీ అది నీ గురించని అర్థం కాలేదు. కోపం లేదు, ఊరికే చెబుతున్నాను.

నీ చెల్లెలు
రమ్లా

*

చోత్ మూలింగ్
1991 ఫిబ్రవరి 2

చెల్లి రమ్లాకి,

వ అలైకుమ్ సలామ్. నీ ఉత్తరం పదిహేను రోజులకి అందింది. కొత్త ఇంట్లో మొదట పొయ్యి వెలిగించిన రోజు నాలుగిళ్ళకి అన్నం పెట్టావో లేదో రాయలేదు. పెట్టకపోతే ఇప్పుడైనా పెట్టు.

ఈ ఏడు మూలింగ్ చెట్లు విరగకాశాయి. పొద్దున లేస్తే గింజలు ఏరడం, వేడి ఇసుకలో వేయించడం, పెంకు ఒలిచి రాతిమీద కొట్టడం. రైహానా నాకంటే పలచగా కొడుతుంది. అప్పడం ఎత్తి పట్టుకుంటే అవతల మేక కనిపిస్తుంది. కానీ పది కొడితే రెండు తింటుంది. మొన్న కింది పన్ను ఊడింది. ఖురాను చదవడంలో ఇరవయ్యో భాగానికి వచ్చింది. వరికోతకి ఈసారి మగవాళ్ళు దొరకలేదు. వ్యాపారం బాగుందని చాలామంది మేదాన్ వెళ్ళారు. కొడవలి పట్టింది మేమే. నా నడుము ఇంకా పూర్తిగా నిలబడలేదు.

నువ్వడిగిన కాగితం సంగతి. ఇలియాస్ గారు ఊళ్ళో లేరు. పనిమీద వెళ్ళారు. ఎప్పుడొస్తారో ఆయన భార్య హబ్సాకీ తెలియదు. పైగా పిల్లకు బడి పరీక్షలు ఉన్నాయి. రంజాను పండగ వెళ్ళనీ, అప్పుడు చూద్దాం.

రైహానా నీకు రాద్దామని కూర్చుని బొమ్మ వేసింది. అది కోడి అంటోంది. నువ్వూ అలాగే అనుకో.

మీ అక్క
సల్బియా

*

యాన్
1991 ఫిబ్రవరి 24

అక్కకి,

కోడి బొమ్మ గోడకి అంటించాను. మునీరు దానికి మెతుకులు పెడుతున్నాడు.

నువ్వు రాసింది చదివి ఇద్రుసూ నేనూ ఆశ్చర్యపోయాం. ఇలియాస్ గారు పనిమీద వెళ్ళడమేమిటి? బెరనూన్ సంతకి వెళ్ళాలంటేనే కాలు నొప్పనే మనిషి. నా పెళ్ళికి పక్క ఊరికి రమ్మంటే, "అంత దూరం నడిస్తే నా ఊరు నన్ను మర్చిపోతుందమ్మా" అన్నారు. సరే, వెళ్ళారే అనుకో. ముద్రని జేబులో వేసుకుని వెళ్ళరు కదా. హబ్సా వదినని అడిగితే తనే వేసి ఇస్తుంది. ఆయనకి జ్వరం వచ్చినప్పుడల్లా వేసింది ఆవిడే, ఊరందరికీ తెలుసు. మగవాళ్ళంతా మేదాన్‌లో వ్యాపారమంటున్నావు. మన ఊరివాళ్ళకి అప్పడాలు తప్ప అమ్మడానికి ఏముంది?

జుబైదా మార్చి పదిన మేదాన్‌లో ఉంటుంది. నాలుగు రోజులు ఆగుతుంది. ఈ నాలుగు రోజులూ పోతే మళ్ళీ ఎప్పుడో. పరీక్షలు ఇక్కడా ఉంటాయి అక్కా.

రమ్లా

*

చోత్ మూలింగ్
1991 మార్చి 19

రమ్లాకి,

రంజాను మొదలై రెండు రోజులైంది. ఉపవాసాల ముందురోజు ఊళ్ళో ప్రతి గిన్నెలో మాంసం ఉడకాలి కదా, ఈసారి దున్నని కోసేవాళ్ళు లేక పొరుగూరి ముసలాయన్ని పిలుచుకొచ్చాం. ఆయన చెయ్యి వణుకుతుంది. దున్న ఆయన్ని చూసి జాలిపడి కదలకుండా నిలబడిందని ఆడవాళ్ళు నవ్వారు. చాలా రోజుల తర్వాత నవ్వారు.

పిల్లను పంపలేకపోయాను. దానికి జ్వరం. వదిలీ వదలకుండా వస్తోంది. ఇలాంటప్పుడు పడవ ఎక్కించడం మంచిది కాదు.

ఇంకో మాట. నీ ఉత్తరాలు పొడుగ్గా ఉంటున్నాయి. క్లుప్తంగా రాయి. ఊళ్ళోవాళ్ళ పేర్లు రాయకు, వాళ్ళ గురించి అడగకు. నువ్వు, మొగుడు, పిల్లవాడు ఎలా ఉన్నారో రాస్తే చాలు. అంతకుమించి చదివే తీరిక ఇక్కడ నాకు లేదు.

సల్బియా

*

యాన్
1991 ఏప్రిల్ 22

అక్కకి,

క్లుప్తంగా రాయమన్నావు. రాయను. తీరిక లేకపోతే రెండు రోజులు చదువు.

పండగ వెళ్ళిన మూడోనాడు మన ఊరి బట్టల బుస్తామి మా కొట్టుకి వచ్చాడు. ఆ మూట, ఆ నవ్వు, ఏమీ మారలేదు. భోజనం పెట్టి కూర్చోబెట్టి నా కూతురి జ్వరం తగ్గిందా అని అడిగాను. అతను తెల్లబోయాడు. "జ్వరమా? నేను బయల్దేరిన పొద్దున మూలింగ్ చెట్టు చివరి కొమ్మ మీదుంది. కాయలు నా నెత్తిన రాల్చింది" అన్నాడు. మార్చిలోనూ దానికి ఏ జ్వరమూ లేదన్నాడు.

తర్వాత అడగ్గా అడగ్గా మిగతాది చెప్పాడు. ఇలియాస్ గారు పనిమీద వెళ్ళలేదు. జనవరిలో పట్టుకుపోయారు. అంత పెద్ద సంగతి నువ్వు నా దగ్గర దాచావు. సరే, భయపడి ఉంటావనుకున్నాను. కానీ ఊరి ముద్ర ఎక్కడుందని అడిగితే బుస్తామి ఏమన్నాడో తెలుసా? "మీ అక్క ఇంట్లోనే ఉందని అందరూ అనుకుంటారు, ఎవరూ పైకి అనరు" అన్నాడు.

నీ ఇంట్లో ఉందా అక్కా? నా పిల్ల నా దగ్గరికి రావడానికి కావలసిన ఒకే ఒక్క వస్తువు నీ చేతిలో పెట్టుకుని నాకు పరీక్షలనీ జ్వరమనీ రాశావా? జుబైదా మేదాన్‌లో నాలుగు రోజులనుకున్నది వారం కూర్చుంది. పడవ దిగేటప్పుడు ఆవిడ పక్కన ఎవరూ లేకపోతే నేను రేవులో ఆ పక్కకే చూస్తూ నిలబడ్డాను.

నీకు పిల్లలు పుట్టలేదు. అది నా తప్పు కాదు. అందుకని నా పిల్లని ఉంచేసుకుంటే దేవుడు కూడా ఒప్పుకోడు. నేను వదిలి వచ్చాననే కదా నీ ధైర్యం. వదిలి రాలేదు, నిన్ను నమ్మి అప్పగించి వచ్చాను.

ముద్ర వేసి పిల్లను పంపు. నీ కబుర్లు నాకు వద్దు.

రమ్లా

*

చోత్ మూలింగ్
1991 మే 17

రమ్లాకి,

ఈ ఉత్తరం టపాలో రాదు. అందుకని అన్నీ రాస్తున్నాను.

మొదట నీ కోపానికి ఒక కారణం తీసేస్తాను. నాకొచ్చే ఉత్తరాలు విప్పి, చదివి, మళ్ళీ అంటించి ఇస్తున్నారు. నీ ఫిబ్రవరి ఉత్తరం నాకు చేరేసరికి హబ్సా పేరు కింద పెన్సిలు గీత ఉంది. ముద్ర తనే వేస్తుందని రాశావు కదా. ఆ వారంలోనే సైనిక శిబిరం వాళ్ళు హబ్సా ఇల్లు మొత్తం తిరగేశారు, పరుపు కోసి దూది బయటికి లాగారు. నీకు తెలియక రాశావు. తెలియజేయడానికి నాకు దారి లేదు. అందుకే పేర్లు రాయకు, క్లుప్తంగా రాయి అన్నాను. నువ్వు మరోలా తీసుకుంటావని తెలుసు. తీసుకోనీ అనుకున్నాను. ముద్ర సంగతి రాసిన ఉత్తరం బుస్తామి చేతికిచ్చి పంపావు కాబట్టి సరిపోయింది.

జనవరి తొమ్మిదిన పొద్దున పదింటికి ఇలియాస్ గారు చేలో నీటి గండి కడుతున్నారు. శిబిరం బండి వచ్చింది. కొండమీది తిరుగుబాటు వాళ్ళకి ఎవరెవరు బియ్యం ఇస్తున్నారో జాబితా రాసిమ్మని అంతకు ముందే రెండుసార్లు అడిగారు. ఆయన ఇవ్వలేదు. కాళ్ళకి బురదతోనే బండి ఎక్కించారు. పనులు మానేసి గట్టుమీద మేమంతా నిలబడ్డాం. ఎవరమూ ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం హబ్సా ముద్రని గుడ్డలో చుట్టి తెచ్చింది. "మా ఇల్లు వెతుకుతారు. నీ దగ్గర మగవాళ్ళు లేరు, నీ జోలికి రారు" అంది. గింజలు వేయించే ఇసుక కుండలో పెట్టాను.

ఆ వారమే పెద్దరికం తీసుకోమని ఇద్దరు మగవాళ్ళని అడిగారు. ఇద్దరూ మర్నాటికి మేదాన్ వెళ్ళిపోయారు. వాళ్ళ వెనక మిగతావాళ్ళు, రాత్రిళ్ళు అడ్డదారిన. వాళ్ళని అనడానికి నాకు నోరు రాదు. పగలు శిబిరం వాళ్ళకి జవాబు చెప్పాలి, కొండమీది వాళ్ళు దిగివస్తే వాళ్ళకీ జవాబు చెప్పాలి. కాగితం మీద ముద్ర పడిందంటే ఊళ్ళో ఒక పెద్ద ఉన్నాడని అర్థం. ఉన్నాడంటే ఎవరని అడుగుతారు. అందుకని నాలుగు నెలలు ముద్ర ఇసుకలోనే ఉంది. ఊళ్ళో ఎవరూ కాగితం లేక వంతెన దగ్గర సైనికుల గేటు దాటలేదు. బుస్తామి పక్క ఊరినుంచి కాగితం పుట్టించుకున్నాడు.

ఇది ఒక సగం. రెండో సగం నువ్వు రాసేశావు. రైహానా కాగితం ఒక్కటీ గుట్టుగా వేసి పంపి ఉండొచ్చు. ఇసుక కుండ దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. ముద్ర వేస్తే నన్ను పట్టుకుపోతారన్న భయం నిజమే. కానీ ఆ భయం పక్కనే ఇంకోటి కూర్చుని ఉండేది. పొద్దున లేచేసరికి ఎదురుగా ఆ పిల్ల లేని ఇల్లు. ఈ రెంటిలో ఏది నా చెయ్యి పట్టుకుందో నాకే సరిగ్గా తెలియదు. దానికి జ్వరం రాలేదు. ఆ అబద్ధం రాసిన రోజు ఉపవాసంలో ఉన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరం అందిన మర్నాడు కొలిమి వీధి నూర్మలాకి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. ఎడ్లబండి మీద సిగ్లి ఆసుపత్రికి బయల్దేరదీశారు. వంతెన దగ్గర కాగితం అడిగారు. లేదు. "పెద్ద లేని ఊరినుంచి మనుషులెలా వస్తారు?" అన్నారట. రెండు గంటలు ఎండలో నిలబెట్టి వెనక్కి తిప్పేశారు. దారిలోనే బిడ్డ పోయింది. నూర్మలా బతికింది. ఊరి నమాజు చావిడి మెనాసా దగ్గర బండి ఆగితే రైహానా కూడా నా వెంట ఉంది, అంతా చూసింది. నూర్మలా తల్లి నా వైపు చూసిందంతే. ఆవిడకి తెలుసు ముద్ర ఎక్కడుందో.

మర్నాడు పొద్దున్నే కుండ బోర్లించి, ముద్ర కడిగి, బల్ల ఒకటి ఇంట్లోకి ఎక్కే నిచ్చెన కింద వేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి అరవై కాగితాలు వేశాను. ఆసుపత్రికి, సంతకి, బడికి, చచ్చిపోయిన పెద్దవాళ్ళ చావు నమోదుకి. పేరు రాసే చోట నా పేరే రాశాను. ఒకావిడ "నువ్వు పెద్దవా?" అని అడిగింది. "ఇంకెవరైనా ఉంటే చూపించు, లేచిపోతాను" అన్నాను.

అందరిదీ అయ్యాక రైహానా కాగితం తీశాను. చెయ్యి ఆగింది. అది నా మొహం చూసి, "ఇటివ్వు పెద్దమ్మా, నేను వేస్తా" అని ముద్ర లాక్కుని తనే వేసుకుంది. కాస్త వంకరగా పడింది. చెల్లుతుంది.

బుస్తామి మళ్ళీ బయల్దేరుతున్నాడు, ఈసారి భార్యతో. "నా సంగతులు అంత దూరం మోసినవాడివి, పిల్లనీ మోసుకెళ్ళు" అన్నాను. తల వంచుకున్నాడు. మంచివాడే. మేదాన్ మీదుగా నీ దగ్గరికే తెచ్చి అప్పగిస్తాడు. ఊరి సంగతులు ఎవరితోనూ మాట్లాడొద్దని పిల్లకు గట్టిగా చెప్పి ఒట్టు వేయించుకున్నాను.

కాబట్టి ఈ ఉత్తరం నీ చేతికిచ్చింది నీ కూతురే. చదవడం ఆపి ముందు దానికి అన్నం పెట్టు. పడవలో తిని ఉండదు.

మీ అక్క

*

యాన్
1991 జూన్ 11

అక్కకి,

రైహానా క్షేమంగా చేరింది. నీ ఉత్తరం పావడా నడుము పట్టీలో కుట్టుకుని వచ్చింది. నేను విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, తనే కుట్లు తెంపి ఇచ్చింది. నేను చదవడం ఆపలేదు. అది ఆకలితో కూర్చునుండగా చివరిదాకా చదివాను. చివరి వాక్యం చదివాక లేచి వడ్డించాను.

నేను రాసిన ఆ మాట వెనక్కి తీసుకోవాలంటే ఎలా తీసుకోవాలో తెలియడం లేదు. కాగితం మీద రాసింది కాబట్టి అది అక్కడే ఉంటుంది. దాన్ని చింపెయ్యి అక్కా. నీకు బిడ్డలాంటిదాన్నయ్యుండి నేను అలా అన్నాను. టపాలో నీ పేరు మీద నేను గీయించిన గీతలెన్నో కూడా నాకిప్పుడే తెలుస్తోంది. ఈ ఉత్తరం బుస్తామి చేతికే ఇస్తున్నాను.

పిల్ల సంగతి చెప్పాలి. నాతో మాట్లాడటం లేదు. అడిగితే జవాబిస్తుంది, తింటుంది, స్నానం చేస్తుంది, మునీరుని ఎత్తుకుంటుంది. కానీ ఊరి గురించి ఏది అడిగినా పెదవులు బిగిస్తుంది. పెద్దమ్మ ఎలా ఉందంటే తల దించుకుంటుంది. నామీద కోపమా అని అడిగాను. కాదని తల ఊపింది. నువ్వు నాకు వ్యతిరేకంగా ఏమైనా చెప్పి పంపావా అని ఒక క్షణం అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గుపడ్డాను కూడా. కానీ అనుకున్నాను. నీ దగ్గర ఇక ఏదీ దాచను.

నువ్వు కూడా వచ్చెయ్యి. ఇల్లు తాళం పెట్టి, మేకలు నూర్మలా వాళ్ళకిచ్చి వచ్చెయ్యి. మన ఆచారంలో ఇల్లు ఆడపిల్లలదే కదా, నీదీ నాదీ. ఇద్దరం ఇక్కడే ఉంటే అడిగేవాళ్ళెవరు? ముద్ర ఎవరైనా తీసుకుంటారు.

రమ్లా

*

యాన్
1991 జూలై 20

అక్కా,

బుస్తామి వచ్చాడు. ఊళ్ళో అడుగు పెట్టకుండా బెరనూన్ నుంచే తిరిగొచ్చానన్నాడు. నా ఉత్తరం అక్కడే ఒక కొట్టువాడి చేతిలో పెట్టాడట. చోత్ మూలింగ్‌లో ఆడపెద్దని శిబిరానికి తీసుకెళ్ళారని సంతలో అనుకుంటున్నారట. ఎప్పుడు, ఎందుకు, తిరిగొచ్చిందా అంటే తెలియదంటాడు. అతని మూట మీద కాలు పెట్టి నిలబడి అడిగాను, ఇంకేమీ చెప్పలేదు.

రైహానా తలుపు చాటున వింది. ఏడవలేదు. వంటింట్లోకి వెళ్ళి, నేను పప్పు నానబెట్టిన గిన్నె పక్కన చాలాసేపు కూర్చుంది.

నేను బయల్దేరి వస్తానంటే ఇద్రుస్ వద్దంటున్నాడు. "నువ్వెళితే మీ అక్కని అడగడానికి వాళ్ళకి ఇంకో మనిషి దొరుకుతుంది" అన్నాడు. అది నిజమో పిరికితనమో నాకు తెలియదు.

రెండే మాటలు రాసి పంపు. ఉన్నాను అని రాయి చాలు.

రమ్లా

*

చోత్ మూలింగ్
1991 ఆగస్టు 29

చెల్లి రమ్లాకి,

ఉన్నాను.

దస్తూరీ చూసి కంగారు పడకు. ఇది బడి పంతులమ్మ రాస్తోంది, నేను చెబుతున్నాను. నా కుడిచెయ్యి ఇంకా మూసుకోవడం లేదు. మెల్లగా వస్తుందంటోంది మంత్రసాని. ఈలోగా ముద్ర ఎడమచేత్తో వేస్తున్నాను. అన్నీ రైహానా వేసినట్టే వంకరగా పడుతున్నాయి.

ముందు పిల్ల సంగతి. అది నీమీద కోపంతో లేదు, నేను నేర్పించిందీ ఏమీ లేదు. ఊరి సంగతులు ఎవరితోనూ మాట్లాడొద్దని ఒట్టు వేయించుకున్నానని రాశాను కదా. ఎవరితోనూ అన్నాను. మీ అమ్మతో తప్ప అని అనడం మర్చిపోయాను. అది ఇన్నాళ్ళూ ఆ ఒట్టు నిలబెట్టుకుంటూ కూర్చుంది. ఈ ముక్క దానికి చదివి వినిపించు: రైహానా, మీ అమ్మకి అన్నీ చెప్పొచ్చు. నూర్మలా అత్త బండి సంగతి కూడా చెప్పు. పెద్దమ్మ చెప్పమంది.

అది చెబుతున్నప్పుడు మధ్యలో ఆపకు.

ఇక నా సంగతి. మేమిచ్చే కాగితాలు చెల్లాలంటే ఊరికో పెద్ద ఉన్నట్టు పై ఆఫీసులో నమోదు కావాలన్నారు. జూన్ చివర్లో ఒక గుమాస్తా ఫారం పట్టుకుని వచ్చాడు. అందులో ఊరి పెద్ద గారి భార్య పేరు అని ఒక గడి ఉంది. అక్కడ ఏం రాయాలో తెలియక పెన్ను పట్టుకుని చెమటలు కక్కాడు. "భర్త చనిపోయాడని రాయి నాయనా" అని గీత కొట్టించాను. దాని కింద ఇంకో గడి. పాత పెద్ద పదవి ఎందుకు ఖాళీ అయింది? అందులో అప్పటికే టైపు కొట్టి ఉంది: ఇలియాస్ విధులు వదిలి పారిపోయినందున. కింద నా సంతకం, ముద్ర కావాలన్నాడు.

రమ్లా, నాకు ఆ సంతకం పెట్టాలనే అనిపించింది. పెడితే అందరి కాగితాలూ చెల్లుతాయి. నూర్మలా లాంటిది మళ్ళీ జరగదు. ఇలియాస్ గారికి కొత్తగా పోయేదేముంది అనుకున్నాను. అప్పుడు హబ్సా మెట్లమీద కూర్చుని ఉంది. ఆ మాట గుమాస్తా చదివి వినిపిస్తే ఆవిడ లేవలేదు, అరవలేదు. "ఆయన కాళ్ళు కూడా కడుక్కోలేదు కదా సల్బియా. పారిపోయే మనిషి కాళ్ళు కడుక్కుంటాడు" అంది.

నేను ఆ టైపు ముక్క కొట్టేసి, జరిగింది రాసి, ముద్ర వేసి ఇచ్చాను. గుమాస్తా అది చూసి, "మీరే తెచ్చిపెట్టుకుంటున్నారమ్మా" అని మెల్లగా అని వెళ్ళిపోయాడు. మూడోనాడు శిబిరం బండి వచ్చింది.

ఆరు రోజులుంచారు. అక్కడ జరిగింది పంతులమ్మచేత రాయించను, పెళ్ళి కావలసిన పిల్ల. చేతి సంగతి చెప్పాను, అది చాలు. రోజూ అదే ఫారం ముందు పెట్టేవారు. ఒకసారి వాళ్ళలో పెద్దవాడు మర్యాదగానే అడిగాడు, "ఒక్క మాటకోసం ఎందుకింత పట్టుదల? మిమ్మల్ని చదవమన్నామా, సంతకం పెట్టమన్నాం" అన్నాడు. "నేను అక్కడే ఉన్నాను బాబూ. గట్టుమీద నిలబడి చూశాను. ఆ రోజు నోరెత్తలేదు, ఆ సిగ్గు ఒకటి చాలదా" అన్నాను.

ఐదోనాడు మన ఊరి ఆడవాళ్ళు వచ్చారు. నలభై ముగ్గురు. ఎవరు బయల్దేరదీశారో ఎంత అడిగినా చెప్పరు, నూర్మలా అనే నా అనుమానం. చేతుల్లో ఏమీ లేకుండా వచ్చి గేటు ముందు ఎండలో కూర్చున్నారట. ఏం కావాలని అడిగితే, "మా ఊరి పెద్ద లోపల ఉంది. కాగితాలమీద ముద్ర కావాలి" అన్నారట. వేరే మాట లేదు. గేటు దగ్గర సంతకి వెళ్ళే బళ్ళన్నీ ఆగిపోయాయి. మర్నాడు మధ్యాహ్నం నన్ను బయటికి పంపారు. ఫారం మీద సంతకం లేకుండానే. అది గెలుపని నేననుకోవడం లేదు. రేపు మళ్ళీ బండి రావచ్చు. ఆరు రోజుల్లో నేను ఇలియాస్ గారి గొంతు ఎక్కడైనా వినపడుతుందేమోనని చెవులు రిక్కించుకుని ఉన్నాను. వినపడలేదు. ఆ సంగతి హబ్సాకి చెప్పాను. "సరే" అంది, వెళ్ళి వాళ్ళ మడి కలుపు తీసింది.

నన్ను రమ్మన్నావు. రావాలనే ఉంది. పొద్దున లేవగానే ఉంటుంది, ముఖ్యంగా పిల్ల పడుకునే చాప చుట్టి ఉన్న చోట చూస్తే. కానీ నేను దిగేసరికి నిచ్చెన కింద నలుగురో ఐదుగురో కూర్చుని ఉంటారు. ముద్ర ఎవరైనా తీసుకుంటారని రాశావు. మెనాసాలో అందరినీ కూర్చోబెట్టి అదే అడిగాను. అప్పటిదాకా గోలగా ఉన్నవాళ్ళు పసిపిల్లలతో సహా ఊరుకున్నారు. అదే జవాబు.

ఆ మాట చింపెయ్యమన్నావు. నీ ఉత్తరాలన్నీ శిబిరం వాళ్ళు పట్టుకుపోయారు. కాబట్టి నా దగ్గర ఏదీ లేదు. నా మనసులో ఉందా అంటే, ఉంది. కొంతకాలం ఉంటుంది. నువ్వన్న దాంట్లో నిజం లేకపోతే ఈపాటికి పోయేది.

ఈ ఉత్తరంతో పాటు ఇంకో కాగితం పంపుతున్నాను. బుస్తామి మొదట తీసుకోనన్నాడు. తర్వాత తనే ఒక బట్టల తాను విప్పి, మధ్యలో పెట్టి, మళ్ళీ చుట్టాడు. ఫారంలో నేను రాసిందే మళ్ళీ రాయించాను. మూడు ప్రతులు. ఒకటి హబ్సా దగ్గరుంది, ఒకటి మెనాసా దూలం మీద ఉంది. ఇక్కడివి తగలబడినా, దొరికిపోయినా, అక్కడ ఒకటి ఉండాలి. ఎవరికీ చూపించక్కర్లేదు, అడిగే రోజు వచ్చేదాకా దాచు. వానకి తడవని చోట పెట్టు. అందులో ఉన్నది ఇంతే:

"చోత్ మూలింగ్ ఊరి పెద్ద ఇలియాస్ పారిపోలేదు. 1991 జనవరి 9న పొద్దున పది గంటలకు ఆయన్ని తన పొలంలోనుంచి బండి ఎక్కించి తీసుకెళ్ళారు. మేము చూశాము. ఇంకా తిరిగి రాలేదు."

కింద నలభై నాలుగు వేలిముద్రలున్నాయి. మొదటిది నాది, ఎడమచేతిది.

సల్బియా
చోత్ మూలింగ్ ఊరి పెద్ద